అవ్వ చేనుకు సగటు రోజు

జహీరాబాద్ పక్కన, పస్తాపూర్ దారిలో ఒక అవ్వకు రెండెకరాల చెలక ఉండేది. ఏటా మృగశిర కార్తెలో పెసర, కొర్ర, జొన్న, కంది కలిపి విత్తేది. పట్నంలో లెక్కలు చదివిన మనవడు ఆ ఏడు చేను తాను చూస్తానన్నాడు.

"అవ్వా, చేను ఎన్ని రోజులకు కోతకొస్తది?"

"పెసర అరవై అయిదుకు, కొర్ర తొంభైకి, జొన్న నూటపదికి. కంది సంక్రాంతి ముందు దాకా ఆగుతది, నూటతొంభై అనుకో బిడ్డా" అని చెప్పి అవ్వ కూతురింటికి పోయింది.

మనవడు నాలుగూ కూడి నాలుగుతో భాగించాడు. 114వ రోజున కూలోళ్లను తీసుకొచ్చాడు. కోతకు నిలిచింది జొన్న ఒక్కటే. పెసరకాయలు ఎప్పుడో పగిలి, రాలిన గింజలు వానకు మొలకెత్తాయి. కొర్ర కంకులను పిట్టలు దులిపేశాయి. తిరిగొచ్చిన అవ్వ కంది కొమ్మ వంచి, ఆకు మాటున అప్పుడే తొడుగుతున్న పచ్చటి మొగ్గ చూపించింది.

"నీ లెక్క తప్పు గాదు బిడ్డా. గా లెక్కల గీ కంది లేదు."

నీతి: సగటు సరిగ్గా కట్టినా అది చేను తీరు చెప్పదు. క్యాన్సర్ లెక్కల్లో ఈ మాట ప్రాణాలకు సంబంధించింది. మూత్రాశయ క్యాన్సర్ వచ్చిన 128 మందికి జబ్బు ఎన్ని నెలలు అణిగి ఉందో చెప్పే పట్టిక ఒకటి గణాంక శాస్త్రంలో బాగా వాడుకలో ఉంది. సగటు 9 నెలల పైచిలుకు. సగం మందికి ఆరున్నర నెలల్లోపే జబ్బు తిరగబెట్టింది. ఒకరికి మాత్రం 79 నెలలు అణిగే ఉంది. ఇలాంటి లెక్కలకు వాడే ఎక్స్‌పొనెన్షియల్ సూత్రం, జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎప్పుడూ ఒకేలా ఉంటుందంటుంది. వైబుల్ అనే మరో సూత్రం ఆ ప్రమాదం పెరుగుతూ పోవడమో, తగ్గుతూ పోవడమో చూపగలదు, అంతే. ఈ పట్టికలో ప్రమాదం మొదట పెరిగి తర్వాత దిగుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు పాత సూత్రాలకు మరో పరామితి (ఆకారాన్ని సర్దే అంకె) చేర్చి, జబ్బు నడిచిన దారినే వంగే కొత్త సూత్రాలు కడుతున్నారు. ఆ శ్రమ నాకు అవ్వ విత్తనాల బుట్టంత విలువైనది.

శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్‌కు 1982లో అరుదైన క్యాన్సర్ వచ్చింది. సగం మంది 8 నెలల్లోపే పోతారని వైద్య పత్రాల్లో ఉంది. మిగతా సగం ఎంతకాలం బతికారో ఆయన ఆరా తీశాడు. మరో 20 ఏళ్లు బతికాడు.

మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వస్తే డాక్టరును "సగటున ఎన్నాళ్లు?" అని అడిగి ఊరుకోకండి. "ఏడాది దాటినవాళ్లకు ఆ తర్వాత ఎట్లా ఉంటుంది?" అని కూడా అడగండి.