కడబంతి

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మా అమ్మ పెళ్ళిభోజనాల దగ్గర అంటూండేది. ఆ సామెత నాకు మొన్న క్రికెట్ దగ్గర గుర్తొచ్చింది. మా తమ్ముడి కొడుక్కి పదమూడేళ్ళు. జిల్లా జట్టుకి పిల్లల్ని ఎంపిక చేస్తున్నారట. "అక్కా, ఆ కమిటీలో ఒకాయన బావగారి స్నేహితుడేగా, ఒక్కమాట చెప్పించవూ?" అని ఫోను చేశాడు తమ్ముడు.

తప్పేముందిలే అనుకున్నాను. పిల్లవాడు బాగానే ఆడతాడు. అయినా పక్షపాతం లేని ప్రేమ ఎక్కడుంది చెప్పండి? డబ్బాలో మిగిలిన ఆఖరి అరిసె ఎవరి కంచంలో పడాలో మన చేతికి ముందే తెలుసు.

ఆ రాత్రి మావారి క్రికెట్ పుస్తకం తిరగేస్తూంటే విజయనగరం మహారాజకుమార్ కనిపించాడు. క్రికెట్ లోకం 'విజ్జీ' అని పిలిచిన మన పూసపాటివారి బిడ్డ. ఆటంటే పిచ్చి. 1930-31లో జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి హేమాహేమీలను ఇంగ్లండు నుంచి రప్పించి తన జట్టులో ఆడించాడు. ఎవర్ని పిలవాలో ఆయనిష్టం. ఇల్లు ఆయనది, విస్తరీ ఆయనదే. అదే మనిషి 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకి కెప్టెనయ్యాడు, మన మొదటి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు ఆ జట్టులోనే ఉండగా! మూడు టెస్టుల్లో కలిపి ఆయన చేసినవి 33 పరుగులు. 1933లో మనకి మొట్టమొదటి టెస్టు సెంచరీ చేసిపెట్టిన లాలా అమర్‌నాథ్‌నేమో, క్రమశిక్షణ పేరుతో మొదటి టెస్టుకి ముందే ఇంటికి పంపేశారు. మూడింట్లో రెండు ఓడాం.

నాకు విజ్జీ మీద కోపం రాలేదు, చెప్పొద్దూ, జాలి వేసింది. సొంతింటి విందునీ ఊరి బంతినీ ఒకటే అనుకున్నాడు. అరిసె నాది కనక నా ఇష్టం. జిల్లా జట్టులో చోటు మా ఇంటి డబ్బాలోది కాదే!

అలాగని చోటు దక్కనివాళ్ళందరికీ అన్యాయం జరిగిందనీ కాదు. సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ రాజ్ పేరు 1997 ప్రపంచకప్‌కి పరిశీలించి, పధ్నాలుగేళ్ళ పిల్లని తుది జట్టులోకి తీసుకోలేదు. 1999లో ఆడిన తొలి వన్డేలోనే 114 నాటౌట్! ఆ ఎదురుచూపు ఆమెనేం పాడుచేయలేదు. మాటసాయంతో లోపలికెళ్ళినవాడికి ఎదురుచూపు బాధ ఉండదు, నిజమే. కానీ సున్నాకి ఔటయిన ప్రతిసారీ వాడికో అనుమానం: నన్ను తీసుకున్నది నా ఆట చూసా, మామయ్య ముఖం చూసా?

ఇంకొకావిడ కూడా నా కళ్ళముందు మెదులుతోంది. ఎవరో తెలీదు. కొడుకు తెల్లప్యాంటు మోకాలి దగ్గర పచ్చిక మరక పోయేదాకా బ్రష్షుతో రుద్దుతూ ఉంటుంది. ఆవిడకి ఫోను చేయడానికి అక్క లేదేమో.

మావారికి ఇంకా చెప్పలేదు. తమ్ముడు ఈలోగా రెండుసార్లు ఫోను చేశాడు. ఆదివారం భోజనానికి రమ్మన్నాను, పిల్లవాణ్ణి కూడా తీసుకురమ్మన్నాను. అరిసెలు చేస్తున్నాను.