ఊరికే కూర్చునే చోటు

కొడవలూరులో మా ఇంటి ఎదురుగా చెట్టు కింద అరుగుంది. పొద్దుగూకితే మగవాళ్లు చేరతారు. ఏం పనుండి కూర్చున్నారని వాళ్లనెవరూ అడగరు. మా అమ్మ దానిమీద ఒక్కసారీ కూర్చోలేదు. ఆమె బయట కూర్చున్నదల్లా బస్సు కోసం, రేషను కోసం, పొదుపు సంఘం మీటింగు కోసం.

1992లో ఈ జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఊరూరా సారా దుకాణాల ముందు ఆడవాళ్లు బైఠాయించారు. గర్వంగా చెప్పుకుంటాం. కానీ అదీ పనిమీద కూర్చోవడమే, ఇంటికోసం. ఏ కారణమూ లేకుండా కూర్చునే హక్కు అడగడానికి, ఇంత చదివీ, నాకే నోరు రాదు.

పార్కు అందుకే కదా అనుకుంటాం. 2021 ఆగస్టులో హైదరాబాదు ఇందిరా పార్కు బయట పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని బ్యానరు కట్టారు, విమర్శలొచ్చాక తీసేశారు. బ్యానరు లేని పార్కుల్లో మాత్రం? వాకింగ్ ట్రాక్ మీద మనకు అభ్యంతరం ఉండదు. నడక ఆరోగ్యం, అంటే అదీ ఒక పనే. బెంచీ మీద ఒంటరిగా అరగంట కూర్చుంటే కాపలాదారు రెండుసార్లు అటుగా వస్తాడు. దీపాలూ, కంచే, కాపలా మన భద్రత కోసమేనంటారు. చీకటి పడితే నాకూ దీపమే కావాలి, అబద్ధమెందుకు? ఆ వెలుగులో నన్ను లెక్కగట్టే చూపుల్ని మాత్రం ఏ ప్లానులోనూ గీయరు.

పోయిన సంక్రాంతికి అరుగు ఖాళీగా ఉంటే, అమ్మని కూర్చోమన్నాను.

"ఎందుకమ్మే?" అంది.

జవాబు తోచలేదు. ఇద్దరం నిలబడే మాట్లాడుకున్నాం.