ఏడున్నర విజిల్స్

నలుగురికి ముప్పావు గ్లాసు కందిపప్పు. మరి పదిమందికి? ఏడో తరగతిలో నిష్పత్తుల పాఠం మొదలుపెట్టేటప్పుడు ఎప్పుడూ ఈ లెక్కే ఇచ్చేదాన్ని. నలుగురు పదిమందైతే రెండున్నర రెట్లు. ముప్పావును రెండున్నరతో హెచ్చిస్తే 15/8. మా అమ్మ భాషలో రెండు గ్లాసులకు పరక తక్కువ.

ఓ రోజు బోర్డు మీద జవాబు కింద గీత గీస్తుంటే వెనక బెంచీలోంచి ఓ పిల్ల లేచింది. "టీచర్, నలుగురి పప్పుకి మూడు విజిల్స్ కదా. పదిమందికైతే ఏడున్నర విజిల్సా?" క్లాసంతా గొల్లుమంది. వెటకారం చేస్తోందని పీరియడ్ అయ్యేదాకా నిలబెట్టాను.

వెటకారమని ఏళ్ల తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ పిల్ల ముఖంలో ఉన్నది సందేహమే. నాకు జవాబు తోచలేదు. తోచలేదని అంతమంది ముందు ఒప్పుకునే ధైర్యం లేక శిక్ష ఆ పిల్లకి వేశాను.

మొన్న సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు. పప్పు రెండున్నర రెట్లు పోశాను. మూడో విజిల్ రాగానే నా చెయ్యి దానంతటదే స్టవ్ కట్టేసింది. పప్పు మెత్తగా ఉడికింది. అప్పుడు గుర్తొచ్చింది ఆ పిల్ల. పప్పు, నీళ్లు ఎక్కువైతే మొదటి విజిల్ ఆలస్యంగా వస్తుంది. ఒకసారి ఆవిరి నిండాక లోపలి వేడి ఎవరి పప్పుకైనా 120 డిగ్రీల దగ్గరే. ఆ వేడిలో ఎంతసేపు ఉన్నానన్నదే గింజకు లెక్క. పక్కన ఎన్ని గింజలున్నా దానికి పట్టదు.

1150 నాటి భాస్కరాచార్యుడి లీలావతిలో, ఒకటి పెరిగితే రెండోదీ పెరిగే త్రైరాశికం పక్కనే వ్యస్త త్రైరాశికం కూడా ఉంటుంది. అందులో ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. అంటే, హెచ్చించడానికి ముందు లెక్కలోని రెండు రాశులకీ పొత్తు ఏమిటో చూసుకోవాలి. నేను ఆ మెట్టు ఎక్కించకుండానే పిల్లలతో అడ్డగుణకారం చేయించాను. మార్కులు వచ్చాయి, తృప్తిపడ్డాను. లెక్క గురించి నిజంగా ఆలోచించిన ఒక్క పిల్లనీ నిలబెట్టాను.

ఇప్పుడు పప్పు లెక్క అయిపోగానే విజిల్స్ ప్రశ్న నేనే అడుగుతున్నాను. ఎవరో ఒకరు ఏడున్నర అంటారు. తప్పని చెప్పను. ఇంటికెళ్లి అమ్మనో నాన్ననో అడిగి, ఎందుకు కాదో రేపు మా అందరికీ చెప్పమంటాను.