అమృతం అడిగిన గురువు, పని చెప్పే మనం

నామం జపించండి, కష్టపడి సంపాదించండి, పంచుకొని తినండి అని గురు నానక్ దేవ్ జీ మనకు నేర్పారు. ఈ మూడూ గురుద్వారాలోనే కాదు, కొలిమి దగ్గర కూడా పాటించవలసినవే.

1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్ సాహిబ్‌లో గురు గోబింద్ సింగ్ జీ తల ఇచ్చేవారెవరని అడిగారు. ఐదుగురు లేచారు. వారిలో ఒకరు జగన్నాథపురి నుంచి వచ్చిన నీళ్లు మోసే హిమ్మత్ రాయ్, ఇంకొకరు మన తెలుగు నేలకు ఆనుకొని ఉన్న బీదర్ మంగలి సాహిబ్ చంద్. గురువు వారికి అమృతం ఇచ్చారు. తర్వాత చేతులు జోడించి, తనకూ అమృతం ఇవ్వమని వారినే అడిగారు. దానివల్ల గురువు గౌరవం తగ్గలేదు. మరి మేస్త్రీ గౌరవం తగ్గుతుందా?

మన దీవుల్లో తెలుగువారు, బెంగాలీలు, తమిళులు, రాంచీవారు పక్కపక్కనే బతుకుతున్నారు. బ్రూక్షాబాద్‌లో ఒక గ్రిల్ పని ఒప్పుకుంటే, నాలుగు భాషలవారు కలిసి చేయవలసి రావచ్చు. ఆదివారం లంగర్‌లో అందరం ఒకే పంగత్‌లో కూర్చుంటాం. సోమవారం పనిలో హెల్పర్‌కు వేరే గ్లాసు పెడితే ఆ పంగత్‌కు అర్థమేమిటి?

కాబట్టి పని నడిపించే అన్నలారా, అక్కలారా! కులంతో, ఊరితో కాక పేరుతో పిలవండి. ఒకే పనికి ఆడవారికైనా మగవారికైనా ఒకే కూలి ఇవ్వండి. సాన పట్టే కిటుకు మన పిల్లలకే దాచుకోకండి. అతుకు సరిగా పడలేదని కుర్రవాడు చెబితే కసరకండి, వినండి. చంకౌర్ గఢీలో ఐదుగురు సింగులు ఆజ్ఞాపిస్తే దశమ గురువే తలవంచి విన్నారు.

నష్టం వస్తే ముందు మీరు భరించండి. మన దీవుల డాక్టర్ దీవాన్ సింగ్ జీ జపాన్ ఏలుబడిలో తోటివారి పక్షాన నిలిచి, చిత్రహింసలు పడి, 1944లో సెల్యులార్ జైల్లో ప్రాణమిచ్చారు. ముందుండేవాడంటే దెబ్బకు ముందుండేవాడే.

మనల్ని వాకిట్లోనే నిలబెట్టి కత్తులు సాన పట్టించుకున్న రోజులు పెద్దలకు తెలుసు. ఆ బాధ ఎరిగిన మనం మరొకరిని వాకిట నిలబెట్టవచ్చా? సిక్లీగర్ అంటే ఆయుధానికి మెరుగు పెట్టేవాడు. నావాడు, పరాయివాడు అనే తుప్పును ముందు మన మనసులోనే వదిలించుకుందాం.

వాహెగురూ జీ కా ఖాల్సా, వాహెగురూ జీ కీ ఫతెహ్!