గోడమీది మచ్చ

ధ్యానభాగములు: లేవీయకాండము 14:33–45, యెహెజ్కేలు 13:10–15



మా గ్రామ మందిరములో వేదిక వెనుక గోడమీద మూడు వర్షకాలములనుండి ఒక మచ్చ యుండెను. ఏటేట క్రిస్మసుకు ముందు దానిమీద సున్నము వేయించుచుంటిమి. పండుగనాటికి గోడ తెల్లగా మెరిసెడిది. తొలకరి వానలకే మచ్చ మరల బయటపడి, పూత పెచ్చులుగా ఊడి వేదికమీద రాలెడిది.

నాలుగవ యేట వచ్చిన తాపీమేస్త్రీ కుంచె ముట్టక, నిచ్చెన వేసికొని డాబాపైకి ఎక్కెను. వేపాకులు పడి తూము పూడిపోయెను. నిలిచిన నీరు పిట్టగోడ మొదట నున్న బీటగుండ గోడలోనికి దిగుచుండెను. “అయ్యగారూ, జబ్బు గోడది కాదండీ, పైకప్పుది” అని అతడు చెప్పెను. తూము బాగుచేసి, బీట పూడ్చి, ఉబ్బిన పూతనంతయు ఇటుక కనబడువరకు కొట్టివేసెను. ఇటుకమీద తేలిన తెల్లని ఉప్పును దులిపెను. “తడి ఆరకుండా పూస్తే మళ్లీ ఊడిపోతుంది. ఆరనివ్వండి” అనెను. ఆ క్రిస్మసు ఆరాధన బోసి ఇటుకల ముందరనే జరిగినది. కొందరు సిగ్గుపడిరి.

ఇశ్రాయేలీయుల ఇంటి గోడలో పొడ కనబడినప్పుడు యాజకుడు ఏమి చేయవలెను? ఇల్లు ఖాళీ చేయించి, చూచి, ఏడు దినములు మూసియుంచవలెను. పొడ వ్యాపించినయెడల ఆ రాళ్లను ఊడదీయించి ఊరివెలుపల పారవేయించి, లోగోడలు గీయించి, వేరు రాళ్లు, వేరు అడుసు పెట్టింపవలెను. మచ్చమీద పూత పూయుమని దేవుడు సెలవియ్యలేదు. సమాధానము లేనప్పుడు సమాధానమని పలికిన ప్రవక్తలను, బలములేని గోడకు పూత పూసినవారని యెహెజ్కేలు గద్దించెను. వాన వచ్చినప్పుడు గోడ పునాది కనబడునని హెచ్చరించెను.

ఈ మాట మొదట నన్నే పొడిచినది. మా సంఘములో ఇద్దరు అన్నదమ్ములకు పొలముగట్టు తగాదా యున్నది. ప్రభురాత్రి భోజనమునకు ముందు నేను వారిచేత చేతులు కలిపించి, సమాధానపడిరని సంఘపు పుస్తకములో వ్రాసితిని. గట్టు సంగతి అడుగనే లేదు. దుక్కులనాడు తగవు మరల రేగెను. తమ్ముని కుటుంబము ఆరాధనకు మానివేసెను. నేను వేసినది సున్నమే.

పండుగ తరువాత వారిరువురి యొద్దకు వెళ్లి, నా తప్పు ఒప్పుకొంటిని. హద్దురాళ్లు కొలిపించితిమి. అన్న మూరెడు నేల విడువవలసి వచ్చెను, విడిచెను. ఇంకను ఒకరి ఇంట ఒకరు భోజనము చేయలేదు. గోడ ఆరుచున్నది. ఈసారి నేను తొందరపడి కుంచె పట్టను.

ప్రియులారా, మీ ఇంటిలో ఏ మచ్చ యేటేట తిరిగి వచ్చుచున్నది? నీరు ఎక్కడనుండి దిగుచున్నదో మొదట వెదకుడి. తీసికొన్నది తిరిగి ఇయ్యుడి. చెడిన పూతను రాల్చుటకు వెరవకుడి. బోసి గోడయెదుటనైనను ప్రభువు మన ఆరాధన అంగీకరించును.

ప్రార్థన: ప్రభువా, మా పైపూతలను తీసివేసి, మమ్మును లోపలనుండి బాగుచేయుము. ఆమేన్.