వైయావృత్త్యము - ఇంటి పెద్దల సేవ



మన శాస్త్రములు తపస్సును బాహ్యమనియు, ఆభ్యంతరమనియు రెండు విధములుగా చెప్పినవి. ఉపవాసము బాహ్య తపస్సు. వైయావృత్త్యము, అనగా సేవ, ఆభ్యంతర తపస్సు. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రములో సేవింపదగిన పదిమందిని చెప్పుచు 'గ్లానుల'ను, అనగా రోగముచే నీరసించినవారిని, కూడ చేర్చినారు. అది మునిసంఘమును గూర్చిన మాటయే అయినను, గృహస్థునకు ఆ తపస్సు ఇంటనే దొరకుచున్నది.

తిరువళ్ళూరులోను, తిరుత్తణిలోను మన వర్తకుల ఇండ్లలో పెద్దలకు అన్నవస్త్రములకు లోటు లేదు. పాలు మంచము వద్దకే వచ్చును. "మీరు లేవవద్దు, నాయనగారూ" అనుటయే భక్తి యని తలచుచున్నాము. అది ప్రేమయే, కాని దానివలన నష్టమున్నది. 2007లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, ఆరోగ్యముగానున్న వృద్ధులు 10 రోజులు మంచముమీదనే ఉండగా వారి కాళ్ళ కండ సుమారు ఒక కిలో తగ్గినది. వాడని బలము పెట్టెలో దాచిన సొమ్ము కాదు. దినదినము తరుగు పోవు సరుకు.

కనుక వారి పని మనము చేయుట సేవ కాదు. వారి పని వారు చేసికొనునట్లు తోడు నిలుచుట సేవ. వైద్యుని అడిగి, చేతులున్న గట్టి కుర్చీనుండి రోజుకు కొన్ని మారులు వారిని లేచి కూర్చుండనిండు. ప్రక్కన మీరు నిలువుడు. వసారాలో నేడు పది అడుగులు, వారము పోయినపిదప పన్నెండు. స్నానపు గదిలో పట్టుకొనుటకు కడ్డీ, తడిలేని నేల, రాత్రి చిన్న దీపము ఉండవలెను. పప్పులో పురుగులేరు పని వారికి అప్పగింపుడు. వ్రేళ్ళకు వ్యాయామము, ఇంటికి అహింస. సూర్యాస్తమయమునకు ముందే భుజించువారికి ఆ పూట గంజి మాత్రమే చాలదు. పప్పు, పెరుగు కావలెను. సామాయికమునకు 48 నిమిషములు నేలపై కూర్చుండలేనివారు కుర్చీలో కూర్చుండినను భావశుద్ధికి లోటు రాదు.

2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వము ప్రారంభించిన 'మక్కళై తేడి మరుత్తువం' పథకములో, మంచము పట్టినవారికి ఇంటివద్దనే ఫిజియోథెరపీ చేయు ఏర్పాటున్నది. సమీపపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో విచారింపుడు. ధనవంతులము గదా యని సిగ్గుపడవలదు.

మరియొక మాట. ఈ భారమంతయు కోడండ్రపై వేసి అంగడికి పోవుట ధర్మము కాదు. అంగడి తలుపు తీయుటకు ముందు అరగంట కొడుకుది. జీతమునకు మనిషిని పెట్టవచ్చును. తపస్సును జీతమునకు చేయింపలేము.

తిరుత్తణి కొండకు 365 మెట్లు. ఏడాదిలో దినమునకొక మెట్టని అందురు. మన పెద్దల నడకకును అంత ఓర్పు కావలెను. చేయి వారిది, భుజము మనది.

జై జినేంద్ర.