పెరటి వైపు పాటలు

మాట మార్చినవాణ్ణి ‘ప్లేటు ఫిరాయించాడు’ అని తిడతాం. ఆ మాట ఎక్కడ విన్నా నాకు మా చిన్న మామయ్యే కళ్లముందు కదులుతాడు. ఆయన ఇచ్చిన మాట తప్పిన మనిషి కాదు. కానీ గ్రామఫోన్ ప్లేటు తిప్పడంలో ఆయనంత శ్రద్ధ చూపినవాళ్లను నేను మళ్లీ చూడలేదు. పాట అయిపోగానే రెండు అరచేతుల మధ్య అంచులు పట్టుకుని ప్లేటును పైకెత్తేవాడు. గీతల మీద వేలు తగలనిచ్చేవాడు కాదు. వెలుతురుకి ఓసారి ఏటవాలుగా పట్టి చూసి, మెత్తని గుడ్డతో తుడిచి, తిరగేసి పెట్టి, ముల్లు దించేవాడు. ముల్లు ఆనగానే సన్నగా చిటపటలు, ఆ వెనకే పాట. మొదటి వైపు కాగానే నేను లేవబోతే, “కూచోరా, ఇంకా సగం ఉంది” అనేవాడు.

ఆయనది సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగం. లాలాగూడలో పక్క క్వార్టర్సులో ఉండే ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోతూ, అట్టపెట్టె నిండా ప్లేట్లు ఆయన చేతిలో పెట్టి వెళ్లింది. అన్నీ ఇంగ్లీషు పాప్ పాటలే. ఏడంగుళాల ప్లేట్లు, నిమిషానికి 45 చుట్లు తిరిగేవి, వైపుకు ఒక్క పాట ఉండే సింగిల్స్. ఆ భాష నాకు అప్పటికి సగమే అర్థమయ్యేది. ప్లేటుకు రెండు వైపులుంటాయన్నది మాత్రం పూర్తిగా అర్థమైంది.

ఈ 45 ప్లేటును 1949లో అమెరికాలో ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ తెచ్చింది. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాల పాప్ సంగీతం చాలావరకు దాని మీదే నడిచింది. ఏ సైడ్ అంటే కంపెనీ అమ్మదలచుకున్న పాట. రేడియోలో మోగాల్సింది అదే, హిట్ పాటల పట్టికలో పేరెక్కాల్సింది అదే. బి సైడ్ అంటే, వెనక కూడా జాగా ఉంది కాబట్టి వేసిన పాట. బ్రిటన్‌లో రేడియోవాళ్లకు పంపే నమూనా ప్రతుల లేబుల్ మీద ‘ఏ’ అక్షరాన్ని కొట్టొచ్చేంత పెద్దదిగా అచ్చేసేవారు. ఏ వైపు వెయ్యాలో పొరపాటు పడకూడదని. మన సినిమా పాటల ఈపీల్లో ఈ తేడా ఉండేది కాదు. వైపుకు రెండేసి పాటలు, అన్నీ సినిమాలోవే, జనం తెర మీద చూసి వచ్చి కొనుక్కున్నవే. అందుకే బి సైడ్ అన్న మాటలోని రుచి మనవాళ్లకు అంతగా తగల్లేదు.

నేను ప్లేటును పాత ఇళ్లతో పోల్చుకుంటాను. వీధి వైపు అరుగు, చుట్టాలు కూర్చునే సావిడి. వెనక పెరడు, బావి, చాకిరేవు బండ, ఓ కరివేపాకు చెట్టు. ఇంటివాళ్లు గట్టిగా నవ్వుకునేదీ, వెక్కివెక్కి ఏడ్చేదీ వీధి అరుగు మీద కాదు. అయినా పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనే సామెత పుట్టింది మన నోటే.

మళ్లీ ప్లేట్ల సంగతికి వస్తే, 1967లో బీటిల్స్ బృందంవాళ్లు ‘పెన్నీ లేన్’, ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ పాటలను ఒకే ప్లేటు మీద వేసి, రెండూ ఏ సైడ్లే అని ప్రకటించారు. అంత గొప్ప ప్లేటు బ్రిటన్ పట్టికలో రెండో స్థానం దాటలేదు. దాన్ని పైకి పోనివ్వకుండా ఆపిన పాట ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ పాడిన ‘రిలీజ్ మీ’. పాప్ చరిత్ర రాసేవాళ్లు దీన్నొక అన్యాయంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ‘రిలీజ్ మీ’ ఉన్న ఆ నీలం లేబుల్ డెక్కా ప్లేటు రెండో వైపు మీదే మనసు. అక్కడున్నది ‘టెన్ గిటార్స్’. ఎంగెల్‌బర్ట్ అసలు పేరు ఆర్నాల్డ్ జార్జ్ డోర్సీ, 1936లో మద్రాసులో పుట్టాడు. ఆ పాట రాసిన గోర్డన్ మిల్స్ ఆయన మేనేజరే, మిల్స్ పుట్టిందీ మద్రాసులోనే. ప్లేటు అమ్ముడైతే రెండు వైపుల పాటలు రాసినవాళ్లకూ ఒకే లెక్కన డబ్బు వస్తుంది. ముందు వైపు బలంతో వెనక పాట కూడా సంపాదిస్తుందన్నమాట. అందుకే మేనేజర్లు, నిర్మాతలు తమ సొంత పాటల్ని వెనక వైపు సర్దుకోవడం ఆ రోజుల్లో మామూలు.

ఆ ప్లేటు న్యూజిలాండ్ చేరింది. అక్కడివాళ్లు దాన్ని తిరగేశారు. మూడు నాలుగు కార్డ్స్ తెలిస్తే చాలు, గిటారు పట్టుకున్న ఎవరికైనా వాయించడానికి వచ్చే పాట అది. అక్కడి మూలవాసులైన మావోరీల ఇళ్లలో, పెళ్లిళ్లలో, పార్టీల్లో అది లేకుండా పొద్దుపోనంతగా అల్లుకుపోయింది. ఆ దేశానికి అనధికార జాతీయ గీతం అని ఇప్పటికీ ప్రేమగా చెప్పుకుంటారు. మద్రాసులో పుట్టిన ఇద్దరు ఇంగ్లండులో చేసిన పాట, సముద్రాలు దాటి మరో జాతి ఇంటిపాట అయింది. దీన్ని ఏ కంపెనీ లెక్కవేసి చెయ్యగలదు?

ఇలా తిరగబడ్డ ప్లేట్ల కథలు చాలా ఉన్నాయి. ‘రాక్ అరౌండ్ ది క్లాక్’ 1954లో వచ్చినప్పుడు వెనక వైపు పాటే. గ్లోరియా గేనర్ ‘ఐ విల్ సర్వైవ్’ 1978లో ‘సబ్‌స్టిట్యూట్’ అనే పాట వెనకాల వచ్చింది. డిస్కోల్లో ప్లేట్లు వేసేవాళ్లు దాన్ని తిప్పి వేసి వేసి మరుసటి ఏడాదికి మొదటి స్థానానికి ఎక్కించారు. ఈ కథలు వినడానికి బాగుంటాయి. కానీ నా మనసు వీటి దగ్గర ఆగదు. అవి దారి తప్పి పెరట్లో దిగిన పెళ్లివారి లాంటి పాటలు. ఎవరో చూసి వీధి వైపు తీసుకొచ్చి కూర్చోబెట్టారు, అంతే. నేను ప్రేమించేవి పెరట్లోనే ఉండిపోయిన పాటలు.

బీటిల్స్ ‘రెయిన్’ అలాంటిది. 1966 జూన్‌లో ‘పేపర్‌బ్యాక్ రైటర్’ వెనక వచ్చింది. వాద్యాలన్నీ వేగంగా వాయించి రికార్డు చేసి, ఆ టేపును నెమ్మదిగా తిప్పారు. దాంతో డ్రమ్ములకు, గిటార్లకు ఒక బరువు, నీళ్లలో నడుస్తున్న మనిషి అడుగుల్లాంటి బరువు వచ్చింది. చివర్లో గొంతు వెనక్కి తిరిగి వినిపిస్తుంది. టేపును తిరగేసి వినిపించాలన్న ఊహ తనదేనని బృందంలోని లెనన్ అన్నాడు, తనదని నిర్మాత జార్జ్ మార్టిన్ అన్నాడు. ఇద్దరు పెద్దవాళ్లు ఒక బి సైడ్ కోసం అలా వాదులాడుకున్నారంటే అందులో వాళ్లు ఎంత ప్రాణం పెట్టారో తెలుస్తుంది. ఇక బృందంలో డ్రమ్ములు వాయించే రింగో స్టార్. తన డ్రమ్ముల పనితనంలో మేలైనది ఏదంటే ఆయన చెప్పే పాట ఇదే. లోకమంతటికీ తెలిసిన పాటలు అన్ని వాయించి, తన చేతి పని మిన్నగా పలికింది ప్లేటు వెనక వైపున అని ఆయనే చెబుతున్నాడు.

రెండేళ్ల తర్వాతది ‘ది ఇన్నర్ లైట్’. 1968 జనవరిలో బీటిల్స్‌లో ఒకడైన జార్జ్ హారిసన్ బొంబాయి హెచ్‌ఎంవీ స్టూడియోలో మన వాద్యకారులతో దీనికి సంగీతం రికార్డు చేశాడు. సరోద్, షెహనాయ్, వేణువు. ఆ వేణువు హరిప్రసాద్ చౌరాసియాది. గొంతు లండన్ వెళ్లాక కలిపారు. సాహిత్యానికి మూలం లావో త్సు ‘తావో తె చింగ్’. దాన్ని పాట చెయ్యమని సూచించింది హువాన్ మస్కరో అనే సంస్కృత పండితుడు. ఇల్లు కదలకుండానే లోకాన్ని ఎరగవచ్చు అన్న భావం. అంతమంది చేతులు కలిసిన ఈ పాట ‘లేడీ మడోనా’ వెనక వైపు చేరింది. హారిసన్ రాసిన పాట బీటిల్స్ సింగిల్ మీదకి ఎక్కడం అదే మొదలు. రెండున్నర నిమిషాల పాట. వేణువూ సరోదూ ఒకదాన్నొకటి పలకరించుకునే చోటు వచ్చినప్పుడు ఇప్పటికీ నేను చేస్తున్న పని ఆపేస్తాను. ఇల్లు కదలకపోవడం గురించిన పాట పెరటి వైపునే ఉండిపోవడం నాకు లోటుగా అనిపించదు, సరైన చోటే అనిపిస్తుంది.

వెనక వైపు పాటలన్నీ ఇలాంటివని చెప్పను. ఎక్కువ భాగం తీసికట్టే. ఫిల్ స్పెక్టర్ అనే నిర్మాత కావాలనే వెనక వైపు ఏదో ఒక వాద్య సంగీతం వేసి వదిలేవాడు, రేడియోవాళ్లు పొరపాటున కూడా ప్లేటు తిప్పకూడదని. 1963 నాటి ‘బీ మై బేబీ’ వెనక ఉన్నది అదే సరుకు. దానికి పేరు పెట్టే శ్రమ కూడా తీసుకోలేదు, గిటారు వాయించేవాళ్లిద్దరి ఇంటిపేర్లే తగిలించారు. అక్కడ వెనక వైపు ఖాళీ పూరించే స్థలం. ‘రెయిన్’ ఉన్నదీ అలాంటి స్థలంలోనే. ఆ చోటు ఎవరికీ పట్టనిదని ఒకాయన వదిలేశాడు. ఎవరికీ పట్టదు కాబట్టి మనకు తోచినట్టు చేద్దామని ఇంకొకరు రాత్రింబవళ్లు కూర్చున్నారు.

నేను పత్రికలకు రాసి బతికేవాణ్ణి కనుక ఈ తేడా నాకు బాగా తెలుసు. ముఖచిత్ర కథనం రాస్తున్నప్పుడు చెయ్యి బిగుసుకుంటుంది. సంపాదకుడు ఏమంటారో, పాఠకులు ఏమంటారో అని ప్రతి వాక్యం వెనక్కి తిరిగి చూస్తుంది. ఒకసారి, పేజీ చివర అర కాలమ్ మిగిలింది, ఏదో ఒకటి ఇవ్వమంటే మా అమ్మమ్మ రోలు మీద రాశాను. ఏదో ఒకటి అన్నారు గదా అని ఏదో ఒకటి రాయలేదు. రాత్రి రెండు దాకా కూర్చున్నాను. అది అచ్చయినట్టు కూడా చాలామందికి తెలియదు. నేను రాసినవాటిలో ఒకటి దాచుకోమంటే దాన్నే దాచుకుంటాను. అడగని చోట చేసిన పూర్తి పని అది. ఆ పనికి అవతలి సగం వినేవాడి దగ్గర ఉంది. ముందు వైపు పాట రేడియోలో వచ్చి చెవిలో పడుతుంది. వెనక వైపు పాట కోసం లేవాలి, ముల్లు ఎత్తాలి, ప్లేటు తిప్పాలి. నాలుగు సెకన్ల పనే. ఆ నాలుగు సెకన్లు ఇచ్చినవాళ్ల కోసమే ఆ పాట ఉంటుంది.

మామయ్య పోయాక ఆ అట్టపెట్టె నా దగ్గరికి వచ్చింది. ‘రిలీజ్ మీ’ ప్లేటును ఓరోజు కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూశాను. ముందు వైపు గీతలు అరిగి బూడిద రంగుకు తిరిగాయి. వెనక వైపు కూడా అంతే అరిగి ఉంది. ఆస్ట్రేలియా వెళ్లిన ఆ ఇంటివాళ్లు కొంత, మామయ్య కొంత, రెండు వైపులనూ సమానంగా విన్నారు. మిగతా ప్లేట్లలో చాలావాటికి వెనక వైపు ఇంకా నల్లగా, కొత్తగా నిగనిగలాడుతోంది. వాటిని ఒక్కొక్కటిగా తిప్పి వింటున్నాను. మీ ఇంట్లో అటక మీద పాత ప్లేట్లు ఉంటే, తూకానికి అమ్మేసే ముందు దయచేసి ఒక్కసారి రెండో వైపు కూడా వినండి.